బయటి తలుపున్న గది

కొత్వాల్‌గూడలో ఆ ఇంటికి ప్లాను గీసిన రోజుల్లో నా మీద నాకు మహా నమ్మకం. విమానాశ్రయం వచ్చి రెండేళ్లయింది. శంషాబాద్ చుట్టుపక్కల ఎవరిని కదిపినా కొత్త ఇంటి మాటే. అత్తాపూర్‌లో రెండు గదుల ఆఫీసు పెట్టుకుని ఇళ్లకు ప్లాన్లు గీసే కృష్ణా జిల్లా మనిషిని నేను. ఒక రైతు తన పొలంలో ఇల్లు కట్టుకుంటానని పిలిస్తే వెళ్లాను.

అతను చూపించింది స్థలం. నేను చూసింది బర్రెల కొట్టం. మిట్ట మీద పొడుగ్గా, రాతి కడీల మీద నిలబడి ఉంది. వానజల్లు కొట్టే వైపు పెంకుల కప్పు బాగా కిందికి వాలింది. గోడకూ కప్పుకూ మధ్య జానెడు ఖాళీలోంచి గాలి ఆడుతోంది. దూడల కోసం కట్టిన అడ్డగోడ అవతల, చివరి మూలన నిలబడితే హిమాయత్‌సాగర్ నీళ్లు కళ్ల నిండా కనిపించాయి. ఇల్లు ఇలాగే ఉండాలని అక్కడికక్కడే తేల్చేసుకున్నాను.

"ఏంది మేడం, ఇన్నేండ్లు బర్రెలుండంగ సాలలేదా? ఇగ మేం గూడ కొట్టంల ఉండాల్నా?" అని నవ్వాడు రైతు. అతనికి ఫంక్షన్ హాలుకున్నట్టు లావుపాటి స్తంభాలు కావాలి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఎండాకాలం స్లాబు కింద ఉడికిపోతారని బెదిరించి, నాలుగుసార్లు తిరిగి, ఒప్పించాను.

అతని తల్లి ఒక్కటే అడిగింది. "కొసకు ఒక చిన్న అర్ర ఉండాలె బిడ్డా. తలుపు బయటి దిక్కే పెట్టు. ఇంట్లకెల్లి తొవ్వ వద్దు."

ఎందుకని నేను అడగలేదు. వచ్చే పోయే చుట్టాల కోసమనుకున్నాను. ముసలావిడకు ఎంత అభిరుచి అని మురిసిపోయి, ఆ గదికి నీళ్ల వైపు నిలువెత్తు కిటికీ పెట్టాను. ఇల్లు మొత్తంలో నేను ముద్దుగా గీసుకున్నది ఆ గదినే.

అట్టముక్కలతో నమూనా చేసి తీసుకెళ్లిన రోజు ఇంటిల్లిపాదీ దాని చుట్టూ మూగారు. కోడలు మాత్రం ఆ చివరి గదిని కాసేపు చూసి లోపలికి పోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. నేను తిరిగి వెళ్లేటప్పుడు ఆమె చల్ల గ్లాసుతో కొట్టం దగ్గర నిలబడి ఉంది.

"గా అర్ర ఎవలకో ఎర్కేనా అక్కా?" అంది. "నెలనెలా దూరముంటం గద, గందుకు. ఇన్నేండ్లు నేను గీ కొట్టం మూలకే కూసున్న."

గోడ గూట్లో ఆమె కంచం, చెంబు ఉన్నాయి. మొదటి రోజు కొలతలు తీసుకుంటూ ఆ కంచాన్ని పక్కకు జరిపింది నేనే. తల కొట్టేసినట్టయింది. మా అమ్మమ్మగారింట్లోనూ ఈ ఆచారం ఉండేది. ఆ సంగతే మర్చిపోయేంత పట్నం మనిషినయ్యాను.

"నీళ్లు మంచిగ కనవడ్తయి గీడికెల్లి. గదొక్కటే సుఖం" అని నవ్వింది. అంతలోనే ఆ నవ్వు పోయింది. "నాదైతే ఎట్లనో ఎల్లిపోయింది. బిడ్డకు పదేండ్లక్కా. కొత్త ఇల్లు కట్టి గూడ దాన్ని బయటనే కూసోవెడ్తరా? మా అత్తకు నేను చెప్పలేను. నువ్వు చెప్పు. సదువుకున్నదానివి, నీ మాట ఇంటది."

మర్నాడే వెళ్లి ముసలావిడ ముందు కూర్చున్నాను. "ఆ చివర్న అడ్డగోడ లేపడం కుదరదమ్మా. గాలికి పెంకులు లేచిపోతాయండి. ఆ గదిని హాల్లో కలిపేద్దాం" అన్నాను. పచ్చి అబద్ధం.

ఆమె కొట్టం వైపు చెయ్యి చూపించింది. "కొట్టంల అడ్డగోడ నీకు కనవడలేదా బిడ్డా? ఎన్ని గాలివానలొచ్చినయి! ఒక్క పెంకన్న లేసిందా?"

తల వంచుకున్నాను. కోడలి పేరెత్తితే ఆ పిల్లకు మాటొస్తుందని, గాలికేనని మళ్లీ గొణిగాను. ముసలావిడ మోకాళ్లు పట్టుకుని మెల్లగా లేచింది. "గాలికేనంటివి గద. ఎవలన్న అడిగితే నేను గూడ గాలికేనని చెప్త. ఆ అర్ర తీసెయ్" అని బర్రెలకు కుడితి పెట్టడానికి వెళ్లిపోయింది.

ఇల్లు లేచింది. వాళ్లు అందులోకి వచ్చిన రెండో ఏడు కోడలు ఫోన్ చేసింది, కూతురు పెద్దమనిషైందని. ఎక్కడ కూర్చోబెట్టారని అడిగాను.

"పళ్లెం, చెంబు వేరేనే వెట్టింది అత్త. ఎవ్వల్ని ముట్టుకోనిస్తలేదు" అంది. నా ప్రాణం ఉసూరుమంది. "గని కూసోవెట్టింది నడింట్లనక్కా. అత్త పెద్దమనిషైనప్పుడు తల్లిగారింట్ల కొట్టంల కూసోవెట్టిండ్రంట. రాత్రంత బర్రెలకు భయపడి ఏడ్సిందంట. ఇన్నేండ్లకు నిన్న చెప్పింది. పొద్దటిసంది మనుమరాలి పక్కకెల్లి లేస్తలేదు."