పైమట్టి పాఠం

ఒంగోలు నుంచి రోజూ బస్సులో వెళ్లి ఒక పల్లెటూరి హైస్కూల్లో సైన్సు చెబుతాను. అక్కడ చేరిన రెండో ఏడు, నీటినీ మట్టినీ కాపాడుకోవడం గురించి పిల్లల చేత ఊరందరి ముందూ ఒక కార్యక్రమం చేయించమని పైనుంచి కాగితం వచ్చింది. అట్టలు పట్టుకుని ఊరేగింపు, రెండు మొక్కలు, ఒక ఫొటో అయితే సరిపోయేది. నాకు మాత్రం అది చాలదనిపించింది.

తొమ్మిదో తరగతి పిల్లల్ని వాళ్ల వాళ్ల చేలల్లోంచి మట్టి తెమ్మన్నాను. గాజు సీసాలో మట్టి వేసి, నీళ్లు పోసి, బాగా కుదిపి పెడితే మర్నాటికి ఇసుక అడుగుకు దిగుతుంది, బంకమట్టి దాని మీద పేరుకుంటుంది, కుళ్లిన ఆకులూ వేళ్లూ నల్లగా పైన తేలతాయి. ఒకమ్మాయి సీసాలో పైన ఏమీ తేలలేదు. అడుగున ఇసుకా సుద్దా తప్ప మట్టే కనిపించలేదు.

వాళ్ల నాన్న కౌలు రైతు. ఆ ఊరి పెద్ద ఆసామి చేను నోటిమాట మీద తీసుకుని మిరప వేస్తాడు. కిందటి వేసవి మొదట్లో, ఒంటిపూట బడుల రోజుల్లో ఆసామి ఆ చేలోనే పొక్లెయిన్ పెట్టించి, మోకాలి లోతున పైమట్టి ఎత్తించి ఇటుక బట్టీలకు అమ్మేశాడు. ఆ తర్వాత వేసిన మిరప గిడసబారిపోయిందని ఆ పిల్లే నాకు చెప్పింది.

"కార్యక్రమం రోజు ఇదే చెప్పమ్మా," అన్నాను.

"చెప్పొచ్చా మేడం?"

"నిజం చెప్పడానికి భయమెందుకు?"

షామియానా ఆసామిదేననీ, వేదిక మీద నడిమి కుర్చీ ఆయనదేననీ నాకు తెలుసు. మట్టి లారీలు బడి ముందు నుంచే వెళ్లాయి. అప్పుడు నేను కిటికీ మూసుకుని పాఠం చెప్పుకున్నాను. ఆయన ముఖం మీద నేను అనలేని మాట ఆ పిల్ల చేత అనిపించాను. రెండు రోజులు దగ్గర కూర్చోబెట్టుకుని మరీ నేర్పాను.

పంచాయతీ ఆఫీసు ముందు జనం బాగానే కూడారు. ఆ పిల్ల సీసా ఎత్తి చూపిస్తూ తడబడకుండా చెప్పింది. "మా చేలో వాన నీళ్లు నిలవవండి. పైమట్టంతా ఇటుకలకి పోయింది. మళ్లీ అంత మట్టి తయారవడానికి మనిషి జీవితం చాలదని మా టీచర్ చెప్పారు."

ముందుగా చప్పట్లు కొట్టింది ఆసామే. బహుమతి కూడా ఆయనే ఇచ్చాడు.

పది రోజులకు ఆ పిల్ల తండ్రి బడికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆసామి చేను వెనక్కి తీసుకున్నాడనీ, చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్లో పనికి పోతున్నామనీ, పాప టీసీ ఇప్పించమనీ అడిగాడు. కౌలుకు కాగితం లేదు, ఎవరికి చెప్పుకుంటాడు? వెళ్లబోతూ ఆగి అన్నాడు.

"పాప తప్పేం లేదండి. మీరు చెప్పమంటే చెప్పింది. ఆ చేను ఎవరిదో మీకు తెలుసు గదండీ."

టీసీ నేనే రాయించి ఇచ్చాను.

ఆ సాయంత్రమే ఆసామి ఇంటికి వెళ్లాను. మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాడు.

"పిల్ల బాగా మాట్లాడింది టీచర్ గారూ. మట్టి చచ్చిపోయిందని మీరే చెప్పించారు గదా. అందుకే ఈ ఏడు బీడు పెడదామనుకున్నా."

కాఫీ అంతా తాగి వచ్చేశాను. నెల తిరక్కుండానే ఆ చేలో ఇంకో కౌలుదారు పత్తి గింజలు పెట్టాడు. మా బడికి మాత్రం మంచి కార్యక్రమం చేశామని ప్రశంసాపత్రం వచ్చింది. మరుసటి ఏడు హెడ్మాస్టరు గారు బొమ్మల పోటీతో సరిపెట్టమన్నారు. సరేనన్నాను. పిల్లలందరూ నీటిబొట్టు బొమ్మలు వేశారు.

మొన్న వేసవిలో చీమకుర్తి వెళ్లి వాళ్ల రేకుల గది వెతుక్కున్నాను. అమ్మానాన్నలు యూనిట్లో ఉన్నారు. ఆ పిల్ల తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉంది. బడిలో చేర్పించారట గానీ, లారీల రోడ్డు దాటి వెళ్లాల్సి వస్తోందని భయపడి తల్లి మాన్పించిందట. నన్ను చూసి నవ్వింది. మంచం మీద దుమ్ము తన చున్నీతో తుడిచి కూర్చోమంది.

"ఇంత ఎండలో ఎందుకొచ్చారు మేడం?" అంది.

ఇటు పనుండి వచ్చానని చెప్పాను. నిజానికి తప్పయిందని చెప్పడానికే వెళ్లాను. అరగంట కూర్చుని, ఆ మాట అనకుండానే బస్సెక్కేశాను.