ఒకే తాను, రెండు కుర్తాలు

మా గల్లీలో బట్టలు కుట్టే ఆపా మొన్న శుక్రవారం పోయింది. దవాఖాన నుంచి ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది, తెలంగాణ వచ్చిన కొత్తలో నేను ఆమెకు ఇచ్చి తప్పిన మాట.

అప్పుడు నేను నల్గొండలో ఒక కాలేజీలో తెలుగు చెప్పేవాణ్ణి. ఆడపిల్లలు 'సభ్యతకు తగిన దుస్తులు' వేసుకోవాలని గేటు మీద నోటీసు పెట్టారు. ప్రిన్సిపాల్ అడిగితే ఆ వాక్యం రాసిచ్చింది నేనే. బాగా కుదిరిందని మురిశాను కూడా.

ఆపాకు చదివి వినిపిస్తే, నోట్లోని గుండుసూది తీసి అడిగింది: "గదంత సరే సార్, ఎన్ని ఇంచులు?"

"ఇంచులు రాయలేదు ఆపా."

"కొలత లేకుంట ఎట్ల కుట్టాలె? మీ పెద్దసారును జర టేపు కొనుక్కొమ్మనుండ్రి."

ఆడపిల్లల కుర్తా అంచులో రెండు వేళ్ల బట్ట లోపలికి మడిచి కుట్టడం ఆమె అలవాటు. "పిల్ల పెరుగుతది సార్, గా సంగతి బట్టకు ముందే తెల్వాలె" అనేది.

ఆ ఏడు ఒకే తానులోంచి, ఒకే కొలతకు రెండు కుర్తాలు కుట్టింది. ఒకటి కాంట్రాక్టర్ బిడ్డకు, ఒకటి మా వెనక గల్లీలోని కూలీ బిడ్డకు. కాంట్రాక్టర్ బిడ్డను ఎవరూ ఏమీ అనలేదు. కూలీ బిడ్డను మాత్రం ప్రాక్టికల్ పరీక్ష ముందురోజు ప్రిన్సిపాల్ గేటులోనే ఆపాడు. కుర్తా పొట్టిగా ఉందట. రేపూ ఇట్లాగే వస్తే పరీక్ష లేదన్నాడు.

ఆ సాయంత్రమే ఆపా మడత విప్పి ఆ కుర్తాను పొడుగు చేసింది. "కాంట్రాక్టర్ బిడ్డది గుండీలకని నా దగ్గర్నే ఉన్నది. రేపు రెండూ ఆయన ముందట కొలుస్త. మీరు పక్కన నిలబడుండ్రి సార్, చాలు."

నిలబడతానన్నాను.

పొద్దున స్టాఫ్‌రూమ్ కిటికీలోంచి ఆమె గొంతు వినిపించింది. "ఇగో సార్, టేపు మీరే పట్టుండ్రి. గీ పిల్లదే రెండు వేళ్లు పొడుగున్నది."

"ఇది దర్జీ దుకాణం కాదమ్మా. సభ్యత టేపుతో కొలిచేది కాదు."

నా రిటైర్మెంటుకు రెండేళ్లుంది. చేతిలో పుస్తకం ఉంది. లేవలేదు. పేజీ తిప్పాను.

ఆ పిల్ల పరీక్ష పోయింది. దాంతోనే చదువూ పోయింది.

సాయంత్రం దుకాణం ముందు నుంచి తలవంచుకుని పోతుంటే ఆపా పిలిచింది. తిడుతుందనుకున్నాను. "అంగీ గుండీ ఊడింది, ఇటు రాండ్రి సార్" అని కుట్టిచ్చింది. ఆ రోజు సంగతి ఆ పూటా ఎత్తలేదు, ఈ పదేళ్లలోనూ ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఖబ్రస్తాన్‌కు ప్రిన్సిపాల్ కూడా వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే తలకు చేతిరుమాలు కట్టుకుని ముందు వరుసలో నిలబడ్డాడు. ఆ కూలీ బిడ్డ పత్తి ఏరే పని నుంచి అట్లే వచ్చింది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల అంగీ, వేళ్ల నిండా గీతలు. మట్టి ఇచ్చేటప్పుడు లోపలికి రాని ఆడవాళ్లతో పాటు గోడ బయట ఎండలో నిలబడి, నన్ను చూసి "అయిపోయిందా సార్?" అని అడిగింది.

"అయిపోయిందమ్మా" అన్నాను.

నా పిరికితనం నాది, పైన రాసుకున్నాను. ఆయన రుమాలు విప్పి, మడిచి, జేబులో పెట్టుకుని, ఆ పిల్లను గుర్తుపట్టకుండానే ఆమె పక్కనుంచి నడిచి కారెక్కాడు. నేను ఇప్పటికీ క్షమించనిది ఆ ప్రిన్సిపాల్‌ను.