అమ్మబోయే ఇంటికి మరమ్మతులు

మా వారు ఏలూరులో ఒక రైసు మిల్లులో గుమాస్తాగా పనిచేసేవారు. పంతొమ్మిదివందల యాభైల్లో ఆ మిల్లు యజమాని తాడేపల్లిగూడెంలో ఇంకో మిల్లు పెట్టి, అక్కడి వ్యవహారం ఈయన్ను చూసుకోమన్నాడు. కొన్నాళ్లు రోజూ రైల్లో వెళ్లొచ్చారు. చీకటితో లేచి అన్నం వండి క్యారేజీ కట్టడం నా పని. సాయంత్రం బండి ఆలస్యమైతే ఎదురుచూడడం కూడా నా పనే. ఇద్దరం నలిగిపోయాం. ఇల్లు అమ్మేసి గూడెంలో మెరక మీద ఇంకోటి చూసుకుందామన్నారు. సరేనన్నాను. కాదనే ఓపిక కూడా లేదు.

మా ఇల్లు తమ్మిలేటికి దగ్గర్లో, పల్లంలో ఉండేది. పెంకుటిల్లు. ముందు వసారా, రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి. ఒక ఏడు పెద్ద వానలకు ఏరు పొంగి ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. నీళ్లు తీశాక గోడల చుట్టూ మట్టిరంగు చార మిగిలింది. ఎన్నిసార్లు సున్నం వేసినా, తేమ తగలగానే మళ్లీ పైకి తేలేది.

ఇల్లు చూడ్డానికి వచ్చిన బ్రోకరు వీధిలోనే నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"ఇంటికి ముఖం ముఖ్యమండీ. ముందు భాగం కళగా ఉంటే వెనక ఎవరూ అంతగా చూడరు. ముందు ఆ చార కనబడకుండా చెయ్యండి. ఆనక రేటు మాట్లాడదాం."

మా వారు తాపీ మేస్త్రిని పిలిచారు. ఏమేం చేయించాలో నన్నూ అడిగారు, అది ఆయన మంచితనం.

"వంటింటికి పొగగొట్టం పెట్టించండి. తూర్పు గోడకి కిటికీ తీయించండి," అన్నాను.

కాపరానికి వచ్చినప్పటినుంచీ నేను అడుగుతున్నది ఆ రెండే. తడి కట్టెలు పెడితే వంటింట్లో మనిషికి మనిషి కనబడేది కాదు. మా అత్తగారు ఆ పొగలో ఒక వయసు గడిపి, దగ్గు తెచ్చుకుని, పొయ్యి నాకు అప్పగించారు.

"అమ్మేసే ఇంట్లో వంటిల్లు ఎందుకే బాగుచెయ్యడం?" అన్నారు ఆయన. కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. ఉన్నన్నాళ్లూ వీలుపడలేదు. పోయేటప్పుడు అవసరం లేదు.

వసారాకి ఎర్ర గచ్చు చేయించారు. అరుగు అంచులు గుండ్రంగా తీర్చారు. వీధి తలుపులకు ఆకుపచ్చ రంగు వేయించారు. ముందు గదిలో కరెంటు దీపం పెట్టించారు. గోడల మీద చార ఉన్నంతమేరా పాత సున్నం గీకించి, సిమెంటు పూయించారు. ఆ రోజుల్లో ఇల్లంతా దుమ్మే. గిన్నె కడిగి బోర్లించి మళ్లీ తీసేసరికి దానిమీద మరో పొర. అత్తగారి మంచం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, అక్కణ్ణుంచి పెరట్లోకి మోశాం. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పనివాళ్లవంక చూస్తూ కూచునేవారు.

పని అయ్యాక మొదట వచ్చింది ఒక ప్లీడరు గుమాస్తా. ఎర్ర గచ్చు మెచ్చుకున్నాడు, దీపం వేసి ఆర్పి చూశాడు. తరవాత గోడ దగ్గర వంగి చేత్తో తడిమాడు.

"మోకాలి దాకానే కొత్త సిమెంటు ఎందుకండీ? నీళ్లు ఇంతవరకూ వస్తాయా?"

మా వారి ముఖం పాలిపోయింది. చారను మూసేసిన సిమెంటే దాన్ని ఊరికి చూపించేస్తోందని అప్పటిదాకా మా ఎవరికీ తోచలేదు. ఆ ప్లీడరు గుమాస్తా వెళ్లిపోయాక మళ్లీ మేస్త్రి వచ్చాడు. ఈసారి గోడలు పైదాకా పూశారు. మళ్లీ దుమ్ము, మళ్లీ మంచం మోత.

తరవాత వచ్చినవాళ్లు కుటుంబాలతో వచ్చారు. మగవాళ్లు వసారాలో కూచుని మా వారితో మాట్లాడుతూంటే, ఆడవాళ్లు తిన్నగా వంటింట్లోకి నడిచేవాళ్లు. ఒకావిడ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చి, భర్తను చూసి తల అడ్డంగా ఊపింది. వాళ్లు మజ్జిగైనా తాగకుండా వెళ్లిపోయారు. ఇంకో ఇద్దరిదీ అదే వరస. మూడోసారి, మా అత్తగారు మంచంమీంచే అన్నారు:

"ముందున్నదంతా మగవాళ్లకి చేయించావురా. ఇల్లు వద్దనేది ఆడవాళ్లు."

ఆవిడ కొడుకుతో అంత మాట అనడం నేనెప్పుడూ వినలేదు. మర్నాడే మేస్త్రి వంటింటి గోడ పగలగొట్టాడు. కిటికీ పెట్టాడు. పొయ్యి మీద పొగగొట్టం కట్టాడు.

మొదటి పూట అన్నం వండుతూ, కళ్లు మండకపోతే ఏదో మర్చిపోయినట్టనిపించింది. పొగ పైకి పోతోంది. కిటికీలోంచి నుయ్యి, కరివేపాకు చెట్టు కనబడుతున్నాయి. అత్తగారు వచ్చి గుమ్మంలో పీట వేసుకుని కూచున్నారు. సంతోషించాలని నాకూ తెలుసు. కానీ బాగా అలసిపోయాక అన్నం పెడితే సయించనట్టు, ఆ సుఖం నాకు సయించలేదు.

వానలు మొదలయ్యే ముందు కొల్లేటి లంక నుంచి భార్యాభర్తలిద్దరు వచ్చారు. ఆయన చేపలను ఐసు పెట్టెల్లో రైలుకి ఎక్కించే వ్యాపారం చేస్తున్నాడు. స్టేషనుకు దగ్గరగా ఇల్లు కావాలి, పిల్లల్ని హైస్కూల్లో వెయ్యాలి. ఆవిడ గచ్చును చూడలేదు, దీపాన్నీ చూడలేదు. నాతో వెనక్కి వచ్చి మెల్లిగా అడిగింది.

"ఏవండీ, ఇక్కడికి నీళ్లొస్తాయాండీ?"

మా వారు వసారాలో ఉన్నారు. ఎవరడిగినా నీళ్లు రావని చెప్పమని నాకు ముందే చెప్పి ఉంచారు. ఆవిడ ముఖం చూశాక అబద్ధం నోట్లోంచి రాలేదు. దాన్ని మోసే ఓపికా లేదు.

"ఒక ఏడు వచ్చాయమ్మా. ఇదిగో, మోకాలి దాకా."

ఆవిడ నవ్వింది. "అంతేనాండీ? మాకు ప్రతి ఏడూ నడుం లోతండీ. పొయ్యి అటకెక్కించి వండుకుంటాం, ఇంట్లోంచి ఇంట్లోకి దోనె మీద వెళ్తాం. మోకాలి లోతుకి భయపడితే కొల్లేట్లో బతకలేమండీ."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ సిమెంటు, ఆ దుమ్ము, మంచం మోసిన నడుం నొప్పి, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి పొగగొట్టంలోకి తొంగిచూసింది.

"బాగా కట్టించుకున్నారండీ. దీంట్లో ఎన్నాళ్లు వండారు?"

"నెలన్నా కాలేదమ్మా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుంది. "అయ్యో," అంది, అంతే. ఆ ఒక్క మాట నాతో మా ఇంట్లో ఎవరూ అనలేదు.

ఇల్లు వాళ్లకే ఇచ్చాం. మా వారు అనుకున్నదానికి తక్కువే వచ్చింది. ఖర్చులు పోను పెద్దగా మిగిలిందేమీ లేదని ఆయనే ఒప్పుకున్నారు. వస్తువులు బండి మీద ముందు పంపి, మేం ముగ్గురం రైలెక్కాం. అత్తగారిని కిటికీ పక్కన కూచోబెట్టాను. భీమడోలు దాటాక మా వారు, గూడెంలో ఇల్లు కట్టడానికి చూసిన స్థలం గురించి, అక్కడ గదులు ఎటువైపు వెయ్యాలో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన గొంతులో మళ్లీ ఉత్సాహం వచ్చింది.

"మీ ఇష్టమండీ," అని చెప్పి, మూట మీద తల వాల్చాను. గూడెం వచ్చేదాకా అత్తగారు నన్ను లేపనివ్వలేదట.