సీలు తెగని సంచి

ఉదయం ఆరూ పదికి కరెంటు పోయింది. హోసూరులో అది చెప్పుకోదగిన సంగతి కాదు. అయినా అక్కడినుండే మొదలుపెడతాను. ఈ కథలో ఒక ముసలాయన చావు గడప దాకా పోతాడు, ఒక సేఫ్టీ ఆఫీసరు పరువు పోతుంది. ముసలాయన తిరిగి వచ్చినాడు. పరువు ఇంకా రాలేదు.

ముసలాయన మా నాయన. ఆఫీసరు నేను. ఈ కథను నాకంటే బాగా చెప్పే మనిషి నా భార్య సరోజ. ఆమె చెబితే వినేవాళ్లు కడుపు పట్టుకునేవాళ్లు. పోయిన ఏడాది ఆమె చనిపోయింది కాబట్టి నేను చెప్పవలసి వచ్చింది. మీకు నవ్వు రాకపోతే తప్పు నాది, కథది కాదు.

కరెంటు పోయినప్పుడు సరోజ వంటింట్లో ఉంది. పొయ్యి మీద పాలు ఉన్నాయి.

"టార్చి యాడుందప్పా?"

"సంచిలో."

"ఏ సంచిలో?"

"ఎమర్జెన్సీ సంచిలో."

"అయితే తీసియ్యి."

"కరెంటు పోవడం ఎమర్జెన్సీ కాదు సరోజా. అది అసౌకర్యం."

"పాలు పొంగుతా ఉండాయి. నాకు కనపడలే."

"అదీ అసౌకర్యమే."

"నేను చీకట్లో కాలు జారి పడితే?"

"అప్పుడు సీలు తెంచవచ్చు."

ఆమె తడుముకుంటూ పొయ్యి ఆర్పింది. తర్వాత చీకట్లోనుండి, "సరే, పడినాక పిలుస్తా," అనింది.

ఈ సంచుల సంగతి చెప్పాలి. నేను ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరుగా పనిచేసినాను. విపత్తులకు ఎట్లా సిద్ధంగా ఉండాలో ఒకసారి మాకు శిక్షణ ఇచ్చినారు. ఇంటికొక సంచి, కారుకొక సంచి, ఒంటిమీద ఎప్పుడూ ఉండే చిన్న సంచి ఒకటి, మొత్తం మూడు ఉండాలన్నారు. అంతవరకు మంచి మాటే. వాళ్లు చెప్పింది అంతే. మిగిలినది నా తెలివి.

ఫ్యాక్టరీలో మంటలార్పే సిలిండరుకు, మందుల పెట్టెకు ప్లాస్టిక్ పట్టీతో సీలు వేస్తాము. ఒకసారి బిగిస్తే కోస్తే గాని రాదు. సీలు తెగితే ఎవరు తెంచినారు, ఎందుకు తెంచినారు అని విచారణ ఉంటుంది. ఆ పట్టీలు ఒక గుప్పెడు ఇంటికి తెచ్చినాను. ఇంటి సంచి జిప్పుకు ఒకటి, కారు సంచి జిప్పుకు ఒకటి బిగించినాను. ఇంట్లో ఉన్న ఒక్క టార్చీ, మంచి కత్తెరా, నాయన కప్పుకొనే మందపాటి కంబళీ, సరోజ బట్టలారేసే తాడూ వాటిలోకి పోయినాయి. ఏ ఆపద వచ్చినా తట్టుకొనేటట్టు చేసినాను. మామూలు రోజును తట్టుకోవడమే కష్టమైంది.

చిన్న సంచి సరోజ కోసం. అంతకుముందు ఆమె దగ్గర ఒక గళ్ల బట్ట సంచి ఉండేది. యాడికి పోయినా చంకలో అదే. అందులో బిస్కెట్లు, పిన్నీసులు, పుల్లటి మిఠాయిలు, వక్కలు, ఎవరిదో పిల్ల రిబ్బను. "ఇది సంచి కాదు, సంత," అని చెప్పి, దాని బదులు నడుముకు కట్టుకొనే నల్లటి పర్సు ఇచ్చినాను. అందులో కట్టుగుడ్డ, మాస్కు, ఒక విజిలు ఉన్నాయి.

"విజిలు ఎందుకప్పా?"

"ఆపద వస్తే ఊదాలి."

"నిన్ను చూసినప్పుడంతా ఊదాల్సి వస్తుందే."

గళ్ల సంచి పారేయమన్నాను. పారేసినానని చెప్పింది.

ప్రతి ఆదివారం ఇడ్లీ తిన్నాక తనిఖీ. సీలు లాగి చూసేవాణ్ణి. సంచిని కొక్కెం త్రాసుకు తగిలించి, మొదట సర్దినప్పటి బరువు ఉందో లేదో చూసేవాణ్ణి. సరోజ పక్కన చేతులు కట్టుకొని నిలబడేది. బడిలో ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు పంతులమ్మ నిలబడినట్టు.

"సీలు బాగుందా?" అని అడిగేది.

"బాగుంది."

"బరువు?"

"సరిగా ఉంది."

"నీ పెండ్లాం మంచిదే, పో," అనేవాడు నాయన, వరండాలో కూర్చొని. మాకు బర్గూరు దగ్గర పల్లెలో ఒకప్పుడు గొర్రెల మంద ఉండేది. మంద పోయినాక నాయన మా దగ్గరికి వచ్చినాడు. గొర్రెను కాపలా కాయడం తెలిసిన మనిషి కాబట్టి సంచిని కాపలా కాసే కొడుకును ఆయన కొంత జాలిగా చూసేవాడు.

ఆఫీసులో నేను గొప్పలు పోయినాను. "మా ఇంట్లో ఇంతవరకు ఒక్క సీలూ తెగలేదు. క్రమశిక్షణ అంటే అది." ఆ ఏడు ఉత్తమ సేఫ్టీ ఆఫీసరని నాకు నల్ల గ్రానైటు ఫలకం ఇచ్చినారు. బర్గూరు రాయి, బంగారు అక్షరాలు, ‘భద్రతే మన బాధ్యత’. టీవీ పక్కన పెట్టినాను. కొన్ని నెలలకు అది కనిపించలేదు. ఇల్లంతా వెదికినాను. సరోజ నాతోపాటు అటక ఎక్కి మరీ వెదికింది. ఆ ఒక్క సంగతికి నేను ఆమెను ఇప్పటికీ క్షమించలేదు.

ఇంక ఆపద సంగతికి వస్తాను.

ఊత్తంగరైలో మా చెల్లెలి మనుమరాలికి చెవులు కుట్టించే పండగ. పొద్దున్నే కారులో బయలుదేరినాము. నాయనకు చక్కెర జబ్బు. ఇంట్లో సూది వేసుకొనే బయలుదేరినాడు. సూది వేసుకున్నాక తినాలి. కృష్ణగిరిలో టిఫిను అని నేను ప్లాను వేసినాను.

శూలగిరి దగ్గర సరోజ వెనుక సీటులోనుండి చెప్పింది. "ఈడ ఆపప్పా. మామ సూది ఏసుకోని ఉండాడు. రెండు ఇడ్లీ తిననీ."

"కృష్ణగిరి దగ్గరే. ప్లాను అదే."

"ప్లానుకు ఆకలి ఉండదు. మామకు ఉంటుంది."

నేను ఆపలేదు. శూలగిరి దాటి కొంచెం దూరం పోయినామో లేదో, ముందు గ్రానైటు బండల లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఒరిగింది. ఎవరికీ దెబ్బలు తగలలేదు గాని దారి మూసుకపోయింది. మా ముందు లారీలు, వెనుక లారీలు. ముందుకు లేదు, వెనక్కు లేదు.

మొదట నాయన చొక్కా తడిసింది. తర్వాత చేతులు వణికినాయి. తర్వాత అద్దంలోనుండి బయటికి చూస్తూ, "ఆ తెల్లదాన్ని తిప్పురా, ఆడ చేనుంది, పడి మేస్తుంది," అన్నాడు. ఆయన చూపించింది పక్కన ఆగిన తెల్ల కారును.

"నాయనా, అది కారు."

"మందను ఇట్లా వదిలేస్తే ఎట్లరా? కుక్క యాడపోయింది?"

ఆ కుక్క చచ్చి చాలా ఏళ్లయింది. సరోజ ఆయన చెంపలు తట్టింది. "చక్కెర పడిపోతా ఉంది. తీపి ఏమన్నా తియ్యప్పా. తొందరగా."

చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ నిమిషంలో నాకు భయం కంటే ముందు గర్వం కలిగింది. నా దగ్గర సంచి ఉంది. అందులో గ్లూకోజు ప్యాకెట్లు ఉన్నాయి. డిక్కీ తెరిచి సంచిని తెచ్చి రోడ్డు పక్కన పెట్టినాను. సీలు పట్టుకొని లాగినాను. రాలేదు.

"కత్తెర యాడ?" అనింది సరోజ.

కత్తెర సంచిలో ఉంది.

తాళంచెవితో గీసినాను. రాయితో నూరినాను. చివరికి పంటితో కొరికినాను. నేను తెచ్చిన సీళ్లు ఎంత మంచివో అప్పుడు తెలిసింది. ముందు పన్ను ఒకటి ఆనాటినుండి కదులుతూనే ఉంది. ఏమీ తోచక సరోజ నడుము పర్సులోని విజిలు తీసి ఊదినాను. లారీలవాళ్లు పోలీసు వచ్చినాడనుకొని అందరూ ఒకేసారి హారన్లు కొట్టినారు. నాయన, "మంద బెదురుతుంది," అన్నాడు. ఆ మాట ముద్దముద్దగా వచ్చింది. తల వాలిపోతూ ఉంది.

"పక్కకు జరుగప్పా," అనింది సరోజ.

ఆమె సంచిని తలకిందులు చేసింది. అడుగున ఒక దారం కొసను గోటితో పట్టి లాగింది. కుట్టు మొత్తం సర్రున ఊడింది. కోడి పొట్ట చీల్చినట్టు సంచి తెరుచుకుంది. వీధిలో అందరికీ రవికలు కుట్టే మనిషి ఆమె. నేను ప్రతి ఆదివారం పైన సీలు చూస్తూ ఉంటే, ఆమె ప్రతి వారం అడుగు విప్పి మళ్లీ కుట్టేది.

కత్తెర లేదు. సంచిలోనుండి పడినవి ఇవి. ఒక చింతపండు ముద్ద. రాగిపిండి మూట. నా పాత లుంగీలు. ఒక బెల్లం అచ్చు. నా గ్రానైటు ఫలకం.

"గ్లూకోజు?"

"ఎదురింటి పాపకు వాంతులైతే ఇస్తిని."

"బిస్కెట్లు?"

"డేటు అయిపోతా ఉండె. తింటిమి. నువ్వూ తిన్నావు."

"కంబళి?"

"మామ రెండు చలికాలాలుగా కప్పుకోని ఉండాడు. నువ్వు చూడనే లేదా?"

నేను చూడలేదు. ఆదివారాలు నా కండ్లు సంచి మీదే ఉండేవి.

"మరి ఇదంతా ఏమి?"

"నువ్వు బరువు చూస్తావు గదా. బరువుకు పెడితిని."

బెల్లం గట్టిగా బండలాగా ఉంది. ఎన్నాళ్లుగా ఉందో. చేత్తో విరగలేదు. సరోజ నా ఫలకాన్ని రెండు చేతులతో ఎత్తి బెల్లం మీద కొట్టింది. రెండు దెబ్బలకు బెల్లం పగిలింది. మూడో దెబ్బకు ‘బాధ్యత’ ఊడిపోయి ‘భద్రతే మన’ దాకా మిగిలింది. పొడిని నీళ్లలో కలిపి, నాయన తలను భుజానికి ఆనించుకొని, వేలితో కొంచెం కొంచెంగా బుగ్గలోపల రాసింది. "మింగు మామా. ఇంకొంచెం. మింగు."

వెనుక లారీ డ్రైవరు దిగి వచ్చినాడు. రోడ్డు పక్కన లుంగీ పరిచి ఉంది. దాని మీద చింతపండు, బెల్లం, నల్లరాయి. ఆయన చెప్పులు విడిచి, "ఏం సార్, రోడ్డుకు పూజనా?" అని అడిగినాడు. సరోజ తలెత్తకుండా, "అవునప్పా. నీ మంచినీళ్ల బాటిలు తే," అనింది. తెచ్చినాడు.

నాయన చేయి నా చేతిలో చల్లగా, చెమటగా ఉంది. అంతసేపు ఆ చేతిని నేను ఎప్పుడూ పట్టుకోలేదు. చాలాసేపటికి ఆయన కండ్లు తెరిచినాడు. మొదట ఆకాశాన్ని చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు.

"ఈ బెల్లానికి చింతపండు వాసన ఏమిరా?"

సరోజ సంచి మీద కూలబడి నవ్వింది. నవ్వి నవ్వి కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత అది నవ్వో ఏడుపో చెప్పడం కష్టమైంది.

దారి తెరుచుకున్నాక కృష్ణగిరిలో ఆస్పత్రికి పోయినాము. డాక్టరు ఏమి ఇచ్చినారని అడిగినాడు. బెల్లం అన్నాము. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేది అన్నాడు. వరండాలో కూర్చున్నాక సరోజ నా వైపు తిరిగి, "భద్రత పనికొచ్చిందప్పా. ఒక మూల పగిలింది, అంతే," అనింది.

మీరు ఇక్కడితో నేను బాగుపడినాను అనుకుంటారు. ఒక్క బెల్లం ముక్కకు మనిషి బాగుపడడు. మరుసటి వారం గ్లూకోజు, బిస్కెట్లు, కొత్త కత్తెర కొని రెండు సంచులూ మళ్లీ సర్దినాను. మళ్లీ సీలు వేసినాను. తూకం మాత్రం మానేసినాను. సరోజ చూస్తూ, "ఏసుకో," అనింది.

పోయిన ఏడాది ఒక మధ్యాహ్నం ఆమె మంచం మీద కూర్చొని బట్టలు మడుస్తూ పక్కకు ఒరిగింది. తలలో రక్తనాళం తెగిందని తర్వాత చెప్పినారు. ఇంటి సంచి ఆ మంచం కిందే ఉంది. దానిలో ఆమెకు పనికొచ్చేది ఏదీ లేదు. ఏ సంచిలోనూ ఉండదని డాక్టరు నాకు చెప్పినాడు. నన్ను ఊరడించడానికే చెప్పినాడు. దుఃఖం గురించి ఆ తర్వాత చాలా పుస్తకాలు చదివినాను. ఒక్కదానిలోనూ చింతపండు లేదు.

కర్మాలు అయినాక ఒక పొద్దున మళ్లీ కరెంటు పోయింది. నాయన గదిలోనుండి పిలిచినాడు.

"టార్చి యాడరా?"

"సంచిలో నాయనా."

"తియ్యి మరి. సూది ఏసుకున్న్యా, పలహారం యాడుందో కనపడలే."

మంచం కిందనుండి సంచి లాగినాను. సీలు అట్లే ఉంది. కత్తెర, మీకు తెలుసు, యాడుందో. చీకట్లో కూర్చొని కాసేపు ఆ పట్టీని చేత్తో పట్టుకున్నాను. తర్వాత సంచిని తలకిందులు చేసి అడుగు తడిమినాను. కుట్టు వేలికి తగిలింది. దారం కొస పైకి వదిలిపెట్టి ఉంది. లాగినాను.

మొట్టమొదట చేతికి టార్చి వచ్చింది. వెలిగింది. దాని పక్కనే కత్తెర, దాని తర్వాత నాయన మందులు. నేను సర్దినప్పుడు ఇవన్నీ పైన, జిప్పు దగ్గర పెట్టినాను. ఆమె సంచి మొత్తాన్ని తిరగేసి, ముందు కావలసినవి అడుగున, తన వాకిలి దగ్గర పెట్టుకుంది. అన్నిటికంటే లోపల, సీలుకు ఆనుకొని, మడతపెట్టిన గళ్ల సంచి ఉంది. పిన్నీసులు, మిఠాయిలు, రిబ్బను, ఒక బిస్కెట్ల ప్యాకెట్టు. టార్చి వెలుతురులో ప్యాకెట్టు మీద డేటు చూసినాను. దాటలేదు. ఈ మధ్యనే మార్చి పెట్టి ఉంది.

"ఏమిరా, దొరికిందా?"

"దొరికింది నాయనా."

"బిస్కెట్లకు చింతపండు వాసన లేదు గదా?"

"లేదు."

ఇద్దరమూ తిన్నాము.

ఫ్యాక్టరీలో ఏటా చేయి చాచి భద్రతా ప్రతిజ్ఞ చేయించేవాణ్ణి. ఇది నా చివరి ప్రతిజ్ఞ. మునిరాజు అనే నేను, ఇంటి వస్తువులను ఇంటివాళ్ల నుండి కాపాడనని, కత్తెరను సంచిలో పెట్టి సంచిని కట్టనని, ఆకలైన మనిషికి ప్లాను చూపించనని, నోట్లో మిగిలిన గట్టి పళ్ల మీద ఒట్టు వేసి చెబుతున్నాను. సాక్షి మా నాయన. సగం అక్షరాలు ఊడిన గ్రానైటు ఫలకం ఎదుట చేసిన ప్రమాణం ఇది. ఇప్పుడు దాని మీద బెల్లం కొడతాము.

సంచి అడుగు నేను మళ్లీ కుట్టలేదు. మా ఇంట్లో ఇప్పుడు దేనికీ సీలు వేయడం లేదు.