ఏడుంపావు ప్రకటనలు

మా ఎఫ్‌ఎం స్టేషన్‌లో ఆమెను అందరూ టైపక్క అనేవాళ్లు. చేరింది టైపిస్టుగా. ఒక ఉదయం మరణ ప్రకటనలు చదవాల్సిన అనౌన్సరుకు గొంతు పూడుకుపోతే, కాగితం టైపు చేసిన మనిషే కదా అని ఆమెను మైకు ముందు కూర్చోబెట్టారు. ఆ పని ఇరవై రెండేళ్లు ఆమెదే అయింది.

పోయినవారి పేరు, వయసు, ఏ వీధి, అంత్యక్రియలు ఎన్నింటికి. అంతే. ఉదయం ఏడుంపావుకు ఊరంతా చేతిలో పని ఆపి వినేది. చదివే ముందు ఆమె ప్రతి ఇంటికీ ఫోన్ చేసి పేరు ఎలా పలకాలో అడిగి తెలుసుకునేది.

“పోయాక కూడా మనిషి పేరు ఖూనీ చేస్తే ఎలా తమ్ముడూ?” అనేది నాతో. నేనక్కడ సౌండు చూసేవాణ్ణి.

మొదట్లో మాది మాటల స్టేషన్: పాఠాలు, డాక్టరు సలహాలు, చర్చలు. వినేవాళ్లు తగ్గి, యజమాని మారాక పాత పాటల స్టేషన్ అయింది. ప్రకటనల వెనక వయొలిన్ పెడదామన్నారు. “ఏడ్చేవాళ్లు ఇంట్లో ఉన్నారు. మనం అరువు ఏడుపు ఏడవక్కర్లేదు” అని ఆమె ఒప్పుకోలేదు. మూడోసారి కుర్రకారు స్టేషన్ అయింది. పగలూ రాత్రీ ఒకటే హోరు. కొత్త మేనేజరు చెడ్డవాడు కాదు, తొందర మనిషి.

“అక్కా, కాస్త హుషారుగా చదవకూడదా?” అన్నాడోసారి.

“పోయినవాళ్ల గురించి హుషారుగానా బాబూ? అయితే నేను పోయినప్పుడు మీరే చదవండి.”

స్టూడియోలో అందరం నవ్వాం. ఆమె నవ్వలేదు.

ఇకనుంచి ప్రకటనలకు నలభై అయిదు సెకన్లేనని ఒకరోజు అతను చావు కబురు చల్లగా చెప్పినట్టు చెప్పాడు. ఆ టైము దాటగానే పాట దానంతటదే మొదలయ్యేలా కంప్యూటర్లో పెట్టింది నేనే.

ఒక చలికాలం పొద్దున పదకొండు పేర్లు వచ్చాయి. వయసులు వదిలేసి గబగబా చదివింది. తొమ్మిదో పేరు సగంలో ఉండగా డప్పుల పాట వచ్చి మీద పడింది.

మూడో రోజు ఒక అమ్మాయి స్టేషన్‌కు వచ్చింది. పదో పేరు వాళ్ల నాన్నది. బస్సు కండక్టరట. ఆ అమ్మాయి అరవలేదు, తిట్టలేదు.

“రేడియోలో చెప్తారు కదా అని మేమెవరికీ విడిగా చెప్పలేదండీ. పాడె మోయడానికి ముగ్గురే వచ్చారు. నాలుగో పక్క నేనే పట్టాను.”

టైపక్క లేచి ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. నాకు తలెత్తే ధైర్యం లేకపోయింది.

మర్నాడు టైపక్క మేనేజరు గదిలోకి వెళ్లింది. ఇంకో నిమిషం అడుగుతుందనుకున్నాను. అతనూ ఇవ్వడానికి సిద్ధంగానే ఉన్నాడు.

“వద్దు బాబూ. ఇవాళ మీరిస్తారు, రేపు ఇంకొకాయన లాక్కుంటాడు. మనల్ని నమ్ముకుని జనం ఒకరి గడప ఒకరు తొక్కడం మానేశారు. చదివితే అందరివీ చదవాలి, లేదంటే మానెయ్యాలి. నెల రోజులు ముందుగా చెప్పి మానేద్దాం.”

ఇరవై రెండేళ్ల పనిని తన నోటితో తనే ఆపేసుకుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ నెలంతా కంప్యూటర్లో ఆ నలభై అయిదు సెకన్ల కోత తీసేశాను. ఎవర్నీ అడగలేదు. రోజూ చివర్లో ఆమె, “వచ్చే నెల నుంచి మేము చెప్పలేం. మీ వాళ్లకు మీరే కబురు చెయ్యండి” అని చదివేది. ఆఖరి రోజు నాలుగే పేర్లు. నిదానంగా చదివి, కాగితం మడిచి, గ్లాసెడు నీళ్లు తాగి, కింద రిసెప్షన్ బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. రిటైరయ్యేదాకా ఆమె పని అక్కడే.

ఇప్పుడు ఆ స్టేషన్‌లో మనుషులే లేరు. పాటలు ఎక్కడో వేరే ఊరి కంప్యూటర్ నుంచి వస్తాయి. కానీ ఇంట్లో ఎవరైనా పోతే జనం టైపక్కకు ఫోన్ చేస్తారు. మొన్న మా మామగారు పోయినప్పుడు నేనూ చేశాను.

“ఎవరెవరికి చెప్పాలో ఒక్కొక్కరే చెప్పు తమ్ముడూ, రాసుకుంటాను” అంది.

చెబుతూ పోతే నలభై రెండు పేర్లు తేలాయి. సగం మందికి ఆమే ఫోన్ చేసింది.