సూదుల నర్సమ్మ

మొన్న మంగళవారం పొద్దున ప్రార్థన ముగించి లేచేసరికి తమ్ముడు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అక్కా, నర్సమ్మ పోయింది," అన్నాడు. వికారాబాద్‌లో తన ఇంట్లోనే, నిద్రలోనే పోయిందట.

తాండూరులో ఆమెను సూదుల నర్సమ్మ అనేవారు. కొందరు ఎగతాళిగా, కొందరు ప్రేమగా. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాక కూడా వారానికి రెండుసార్లు రైల్లో వచ్చి, నాపరాయి పాలిష్ పట్టే షెడ్ల పక్కన చాయ్ హోటల్ బల్ల మీద కూర్చునేది. మత్తుమందు ఎక్కించుకునేవాళ్లు వాడిన సూదులు ఆమె డబ్బాలో వేసి, కొత్తవి తీసుకునేవారు. ఒకరి సూది ఒకరు వాడి హెచ్‌ఐవీ తెచ్చుకోకూడదని ఆమె తపన. ఇవి ఆస్పత్రిలో ఇవ్వరాదా అని ఎవరో అడిగితే, "ఆడ పేరు గట్టిగ పిలుస్తరు. ఈడైతే చాయ్ తాగుతవా అని పిలుస్తం," అన్నదట.

మా తమ్ముడూ ఆ బల్ల దగ్గరికి పోతున్నాడని నాకు తెలియదు. రాళ్లు మోసి నడుము పట్టేస్తే నొప్పికని మొదలుపెట్టిన ఇంజెక్షన్ వాణ్ని వదల్లేదు. ఎండాకాలంలోనూ ఫుల్ చేతుల చొక్కాయే. ఒక శనివారం బట్టలు ఉతకబోతే జేబులో సీలు విప్పని సూదులు దొరికాయి. పొయ్యిలో వేశాను. వాడు నేల చూస్తూ ఇక ముట్టనన్నాడు. మర్నాడు చర్చిలో లేచి, దేవుడు నా తమ్ముణ్ని విడిపించాడని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు.

నెల తిరక్కుండానే నర్సమ్మ మా ఇంటికి వచ్చింది. నాతో చెప్పే ధైర్యం లేక తమ్ముడే పంపాడట.

"నీ తమ్ముడు సూది మానలేదమ్మా. కొత్త సూది మానిండు," అన్నది.

నా సాక్ష్యం విన్నవాళ్లు చూస్తారని బల్ల దగ్గరికి రాలేక, వాడు చాటుగా దోస్తు సూది వాడుకున్నాడు. ఆ దోస్తుకు జబ్బు ఉన్నట్టు అప్పుడే తేలింది. నేను దేవునికి అప్పగించానమ్మా అన్నాను.

"దేవునికి చెప్పినవ్, చర్చికి చెప్పినవ్. తమ్మున్ని అడిగినవా?"

గొంతు పెంచలేదు. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లింది.

ఆదివారం మళ్లీ లేచి నిలబడ్డాను. ఈసారి తమ్ముణ్ని అడిగే లేచాను. నా సాక్ష్యం నిజం కాదని, వాడికోసం ప్రార్థించమని చెప్పాను. ఎవరూ స్తోత్రం అనలేదు.

నర్సమ్మ వాణ్ని వెంటబెట్టుకుని రక్తపరీక్షకు తీసుకుపోయింది. మూడు నెలలకు మళ్లీ. ఆ మూడు నెలలు మోకరించి వాడి పేరొక్కటే చెప్పేదాన్ని. రెండుసార్లూ జబ్బు లేదనే వచ్చింది. ఆ దోస్తుకూ మందులు ఇప్పించింది. వాటితో అతను ఈరోజుకీ పనికి పోతున్నాడు. నేను ఆమె చేతులు పట్టుకుంటే, "ఇంట్లకు రానియ్యి. అన్నం పెట్టు. మిగిలింది మెల్లగైతది," అన్నది. మెల్లగానే అయింది. తమ్ముడికి రోజూ మత్తు మాన్పించే ఆస్పత్రి మాత్రలు. నడుమ రెండుసార్లు జారి, మళ్లీ లేచాడు.

ఆమెను సాగనంపడానికి రైల్లోనే వికారాబాద్ పోయాం. రాళ్ల పనివాళ్లు పదిమంది దాకా వచ్చి గోడవారగా, దూరంగా నిలబడ్డారు. మన్ను వేసే వేళకు ఆమె కూతురు వాళ్లను ముందుకు పిలిచింది. తమ్ముడు చొక్కా చేతుల గుండీలు విప్పాడు. మోచేతుల పైదాకా మడిచాడు. నల్లటి మచ్చలన్నీ ఎండలో కనబడుతుండగా వంగి దోసిలి నిండా మన్ను తీసుకున్నాడు.

తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. తాండూరు వచ్చేదాకా మడిచిన చొక్కా చేతులు కిందికి దించలేదు.