శుక్రవారం గొంతు

నా తల మీద అయస్కాంతం పెట్టిన మొదటి రోజు నా కుడిచేతి బొటనవేలు దానంతటదే ఎగిరింది. తల ఎడమవైపు ఒక నల్లటి తీగచుట్టను ఆనించి, బటన్ నొక్కుతూ, ఆ వేలు ఎప్పుడు కదులుతుందా అని డాక్టర్ గారు చూస్తూ కూర్చున్నారు. వేలు కదిలితేనే ఎంత బలంతో కొట్టాలో వాళ్లకు తెలుస్తుందట. "వెరీ గుడ్" అన్నారాయన. రెండున్నరేళ్లలో నాలో ఒకటి సరిగ్గా పనిచేస్తోందని విన్నది అదే మొదలు. అదీ బొటనవేలు.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. తెర మీద పెదాలు కదిపే అమ్మాయిలకు గొంతు ఇస్తాను. కృష్ణానగర్‌లో మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో మొదలుపెట్టి, పెళ్లయ్యాక ఫిల్మ్‌నగర్ దిగువన ఒక ఫ్లాట్‌కి చేరాను. మా ఆయన హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్. ఫీల్డులో నాకు పేరు తెచ్చింది నా నవ్వు. "నవ్వుంటే ఆవిడనే పిలవండి" అనేవాళ్లు. డిప్రెషన్ వచ్చాక కూడా ఆ నవ్వు పోలేదు, అదే నా ఖర్మ. మైకు ముందు పగలబడి నవ్వేదాన్ని. బయటికొచ్చి స్టూడియో మెట్ల మీద కూర్చుంటే చెప్పులు వేసుకోవడానికి పావుగంట పట్టేది. మూడు రకాల మాత్రలు మార్చారు. ఒకటి మత్తు ఇచ్చింది, ఒకటి ఒళ్లు పెంచింది, మూడోది అదీ చెయ్యలేదు.

మాత్రలకు లొంగని డిప్రెషన్‌కి ఈ అయస్కాంతం వైద్యం ఉందని డాక్టర్ గారే చెప్పారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాలు. మత్తుమందు ఉండదు, కాసేపు కుర్చీలో కూర్చుని ఇంటికి పోవచ్చు. అందరికీ పనిచేస్తుందని మాటివ్వలేనని కూడా అన్నారు. ఫోన్‌లో చెబితే మా అమ్మ "తలకి కరెంటు పెడతారా తల్లీ?" అని ఏడ్చింది. "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలి" అనే డైలాగు కామెడీ సీన్లలో నేనే ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ పిచ్చాసుపత్రి జోకులన్నీ గుర్తొచ్చి నా చెంపలు నేనే వాయించుకోవాలనిపించింది.

క్లినిక్ జూబ్లీహిల్స్‌లో. మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజులవి, చెక్‌పోస్ట్ దగ్గర ఆటో ఒక పట్టాన కదిలేది కాదు. మెషిన్ చూసే టెక్నీషియన్ నా వయసు మనిషే, బోరబండ నుంచి వచ్చేది. చెవుల్లో ప్లగ్గులు పెట్టి, తలకు టోపీ తొడిగి, దాని మీద గుర్తు చూసి చుట్ట ఆనించేది.

"తల కదపకుండ్రి అక్కా. జర కొడ్తది, ఫికర్ చెయ్యకుండ్రి."

టకటకటకటకా కొట్టడం, ఆగడం, మళ్లీ కొట్టడం. కొట్టినప్పుడల్లా ఎడమ కనుబొమ్మ, దవడ అదిరేవి. నొప్పి కంటే ఆగినప్పుడు వచ్చే నిశ్శబ్దమే భయంగా ఉండేది, మళ్లీ ఎప్పుడు మొదలవుతుందో అని.

ప్రతి శుక్రవారం డాక్టర్ గారి గదిలో ప్రశ్నలు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, తప్పు చేశానని అనిపిస్తోందా, బతకాలని ఉందా. నా జవాబుకి ఆయన కాగితం మీద ఒక అంకె చుట్టేవారు. మొదటి రెండు శుక్రవారాలు ఒక్కదాన్నే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. అంకెలు మారలేదు.

మూడో శుక్రవారం మా ఆయన సెలవు పెట్టి వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని నా నోటి వంకే చూస్తున్నారు. నా ఉద్యోగమే ఎదుటి ముఖం చూసి దానికి ఏ గొంతు కావాలో ఆ గొంతు ఇవ్వడం. ఆ రోజు నా ఎదుట ఉన్నది మా ఆయన ముఖం. దానికి ఏం కావాలో కనిపిస్తూనే ఉంది. ఇచ్చేశాను.

"ఈ వారం పర్వాలేదండీ. నిద్ర పడుతోంది. నిన్న కాఫీ తాగాలనిపించింది కూడా."

కాఫీ నా సొంత కవిత్వం. ముందు చిన్న ఊపిరి, చివర కొంచెం సిగ్గు. ఒక్క టేకులో అయిపోయింది. ఇంటికెళ్తూ ఆయన మిర్చి బజ్జీలు కొన్నారు. నేను రెండు తిన్నాను. మా అమ్మకి ఫోన్ చేసి "అత్తయ్యగారూ, పనిచేస్తోందండీ" అన్నారు. ఆ గొంతులో సంతోషం విని ఎన్నాళ్లయిందో. దీన్నిప్పుడు వెనక్కి ఎలా తీసుకోవాలని నాకు భయమేసింది.

నాలుగో శుక్రవారం ఇంకా బాగా చెప్పాను. డాక్టర్ గారు కాగితాలు తిప్పి, "వచ్చేవారం కూడా ఇలాగే ఉంటే సిట్టింగులు మెల్లగా తగ్గించేద్దాం. రోజూ రానక్కర్లేదు" అన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన అన్నారు. "బెంగళూరు ప్రాజెక్టుకి మళ్లీ అడిగారు. మూడు నెలలే. ఇన్నాళ్లూ వద్దన్నాను గానీ, నువ్వు బాగున్నావు కదా. ఈ ఆదివారం కాదు, పై ఆదివారం బయల్దేరమంటున్నారు."

"వెళ్లండి, నాకేం!" అని నవ్వాను. ఫీల్డులో పేరున్న నవ్వు.

రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. ఆయన ఆ మాట అనగానే నాలో ఒక మూల హాయిగా అనిపించింది. ఇల్లు ఖాళీగా ఉంటుంది. అడ్డుపడేవాళ్లు ఉండరు. ఆ హాయి దేనికో నాకు తెలుసు. తెలిసే వణికాను. చావాలని ఉన్న మనిషికి చావంటే అంత భయం ఉంటుందని అంతకుముందు నాకు తెలియదు.

చేతిలో తొమ్మిది రోజులున్నాయి. సోమవారం ఉదయం ఆయన చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే "ఏమండీ" అని పిలిచాను. నవ్వుతూ వెనక్కి తిరిగారు. ఆ నవ్వు చూడగానే నా నోట్లోంచి "చట్నీ సరిపోతుందా?" అని వచ్చింది. మంగళవారమూ అంతే. నోరు తెరిస్తే హీరోయిన్ వచ్చేది, నేను వచ్చేదాన్ని కాదు.

బుధవారం సిట్టింగ్ అయ్యాక టెక్నీషియన్ నా చెవుల్లో ప్లగ్గులు తీసి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"ఒక మాట అడగనా అక్కా? సార్ రూమ్‌ల మీ గొంతు ఇంటే పెండ్లిల్లు లెక్కుంటది. ఈ కుర్చీల కూసున్నంక మీ మొఖం గట్ల లేదు. రోజూ చూస్తున్న. మొదటి దినం ఎట్లుండెనో గట్లనే ఉన్నది. సార్‌కు ఎవరి గొంతుతోని చెప్తుండ్రు?"

నాకు ఒళ్లు మండింది. "మీ పని మీరు చూసుకోండి" అన్నాను.

"గిదే నా పని. మీరు చెప్తే మీ మాట అయితది. శుక్రారం దాక చూస్త. అప్పటికి మీరు చెప్పకపోతే నేనే చెప్త."

ఆటోలో ఇంటిదాకా ఆమెను తిట్టుకుంటూ వచ్చాను.

ఐదో శుక్రవారం. మా ఆయన టికెట్ బుక్ చేసుకుని ఉన్నారు. ప్రశ్నలు మొదలయ్యాయి. నిద్ర? బానే ఉందండీ. ఆకలి? బానే ఉందండీ. ఆ గొంతు దానంతటదే నడిచిపోతోంది, ఆపడం నా చేతుల్లో లేదు. చివరి ప్రశ్న వచ్చింది.

"చనిపోవాలన్న ఆలోచన ఏమైనా?"

పెన్ను అప్పటికే 'లేదు' అనే సున్నా మీద ఆనింది.

డబ్బింగ్ థియేటర్లో ఒక పద్ధతి ఉంది. టేకు చెడిందని అందరికంటే ముందు తెలిసేది చెప్పిన మనిషికే. ఇంజనీరు ఓకే అన్నా, డైరెక్టరు ఓకే అన్నా, పని తెలిసిన ఆర్టిస్టు ఊరుకోదు. తనే చెయ్యెత్తి ఇంకో టేకు అడుగుతుంది. పదిహేనేళ్లుగా నేను అడుగుతున్నదే. ధైర్యం వచ్చిందని చెప్పను, ఆ అలవాటే నా చెయ్యి పైకి లేపింది.

"వన్ మోర్, సర్."

డాక్టర్ గారు తలెత్తారు.

"మొదటి ప్రశ్న నుంచి మళ్లీ అడగండి. ఇప్పుడు చెప్పినవన్నీ కొట్టేయండి. పోయిన రెండు వారాలవీ కొట్టేయండి."

ఆయన కొత్త కాగితం తీశారు. నేను మా ఆయన వైపు చూడకుండా బల్ల మీద అద్దాన్ని చూస్తూ చెప్పాను. వచ్చిన గొంతు బొంగురుగా, ఎత్తుపల్లాలు లేకుండా ఉంది. ఆ గొంతుకి గుంపులో అరిచే వేషం కూడా ఎవరూ ఇవ్వరు.

"నిద్ర లేదు. ఆకలి లేదు. ఈయన ఊరెళ్తే ఇల్లు ఖాళీ అవుతుందని చూస్తున్నాను. ఎందుకో మీకు తెలుసు. నాకు భయంగా ఉంది."

మా ఆయన, చిన్నపిల్లాడిలా, "మరి ఆ రోజు బజ్జీలు తిన్నావు కదా?" అన్నారు. ఆ మాటకి నేను ఏడ్చాను. చాలాకాలం తర్వాత మైకు లేకుండా ఏడవడం అదే మొదటిసారి.

డాక్టర్ గారు నన్ను కోప్పడలేదు. నన్ను ఒంటరిగా వదలొద్దని మా ఆయనకి గట్టిగా చెప్పారు. మాత్ర మార్చారు, నా బొటనవేలు మళ్లీ చూసి చుట్టను కొంచెం పక్కకి జరిపించారు, సిట్టింగులు ఆరు వారాల మీద ఇంకొన్ని పెంచారు. మా ఆయన బెంగళూరుకి రానని ఆ గదిలోంచే ఫోన్ చేశారు. సోమవారం టెక్నీషియన్ టోపీ తొడుగుతుంటే నేనే "చెప్పాను" అన్నాను. "తెల్సు అక్కా" అంది.

ఏడో వారంలో అనుకుంటాను, చెక్‌పోస్ట్ దగ్గర ఆటో చుట్టుదారి పట్టిందని డ్రైవర్‌తో గట్టిగా పోట్లాడాను. దిగాక చూసుకుంటే నాకు ఆకలేస్తోంది. అయస్కాంతమో, కొత్త మాత్రో, ఆ రోజు చెప్పేసిన నిజమో, ఏది పనిచేసిందో డాక్టర్ గారు కూడా తేల్చి చెప్పలేదు. వారం గడిచింది. నిద్ర నిజంగానే పట్టింది. చెప్పులు వేసుకోవడానికి పావుగంట పట్టడం మానింది.

ఆ శుక్రవారం డాక్టర్ గారు అడిగారు. "ఈ వారం బాగుందండీ" అన్నాను.

పెన్ను కదల్లేదు. ఆయన నన్ను చూస్తున్నారు. మా ఆయన నా నోటిని చూస్తున్నారు. అప్పుడు తెలిసింది నాకు, అబద్ధం చెప్పినప్పుడు వాడినవి కూడా ఇవే మాటలు, ఇదే గొంతు. బాగున్నానన్న నిజానికంటూ నా దగ్గర వేరే గొంతు లేదు.

"నిజంగానా?" అన్నారు మా ఆయన.

"నిజంగానే. నమ్మకపోతే మీ ఇష్టం" అని కసిరాను.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఆయన ఆఫీసుకి బయల్దేరుతూ "బాగున్నావా?" అని అడుగుతారు. బాగున్నానంటాను. వెంటనే వెళ్లరు, షూ వేసుకుని గుమ్మంలో నిలబడి కాసేపు నా ముఖం చూస్తారు. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆయన చూడటం పూర్తయ్యేదాకా నేనూ అక్కడే నిలబడతాను.